కాలిన క్లచ్ ప్లేటు ఎవరి తప్పు?

మిరప కోతలు ఊపందుకున్నాయంటే గుంటూరు యార్డుకు వెళ్లే దారులన్నీ టిక్కీల (మిరప బస్తాల) బండ్లే. దానికి కాస్త ముందు పత్తి బోరాలు. ఆ నెలల్లోనే చిలకలూరిపేట నుంచి మార్టూరు దాకా, నరసరావుపేట నుంచి అద్దంకి దాకా మెకానిక్ షెడ్లలో ట్రాక్టర్లు రెండు ముక్కలై కనిపిస్తాయి. ట్రాక్టరుకు క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్ ఒకవైపు, గేరుపెట్టె ఒకవైపు విడదీయక తప్పదు. ప్లేటు ఖర్చు, మెకానిక్ కూలి, కళ్లంలో నిలిచిపోయిన సరుకు చాలవన్నట్టు, "నీకు నడపడం చేతకాలేదు" అన్న మాట కూడా రైతు పడాలి.

ఆ మాట న్యాయమేనా అన్నదే ఈ సంవాదం. ఒకరు చిన్నతనంలో లారీ క్లీనరుగా చేరి, తర్వాత జీవితమంతా లారీలు, ట్రాక్టర్లు బాగుచేసిన మెకానిక్. రెండో మనిషి ఆయన అన్న కూతురు. ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతుంది. మన దగ్గర యంత్రం మాటొస్తే ధర, సబ్సిడీ, కిస్తీల దగ్గరే ఆగిపోతాం. దాని లోపల ఏది మారింది, ఎవరి బాధ చూసి మారింది అని అడిగేవాళ్లు తక్కువ. వీళ్లిద్దరూ అడిగారు కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను.

బాబాయి: తప్పు తొక్కినోడిదే అమ్మా. ప్లేటు దానంతటది కాలదు. ఫ్రీ ప్లే చూసుకోరు. పెడల్ మీద కాలు ఆనించే నడుపుతారు. మొదటి గేరులో కదిలించాల్సిన బరువుని మూడో గేరులో లేపుతారు. నల్లరేగడిలో వానపడి ట్రాలీ దిగబడిందనుకో, కాసిని టిక్కీలు దించుకునే ఓపిక ఉండదు. హాఫ్ క్లచ్ మీద ఇంజన్ని అరిపిస్తా కూర్చుంటారు. వాసన ముక్కుకు తగిలేసరికి పని అయిపోయి ఉండిద్ది.

అమ్మాయి: ఒక్కడు కాల్చుకుంటే తప్పు అతనిదే అనుకోవచ్చు. ఊరూరా ఒకే నెలలో, ఒకే తీరుగా కాలుతున్నాయంటే ఆ యంత్రం చేసినవాళ్లు ఈ నేలనీ, ఈ బరువునీ, ఈ కాలునీ సరిగా లెక్కలోకి తీసుకోలేదని అర్థం కాదా బాబాయ్? మోటారు బండి పుట్టిన మొదటి నలభై ఏళ్ల కథ చూడు. తప్పు మనిషిదని సరిపెట్టుకున్న చోట ఏదీ బాగుపడలేదు. మనిషి తప్పు చేసినా బండి ఓర్చుకోవాలి అని ఎవరో ఒకరు పట్టుబట్టిన చోటే బాగుపడింది.

బాబాయి: కథ నాకూ తెలుసు. నేను క్లచ్‌ని పుస్తకంలో చదవలా, పత్తి మిల్లులో చూశా. పొడుగాటి షాఫ్టు, దాన్ని తిప్పడానికి ఒక ఆయిలింజను. ఒక్కో జిన్ను మిషనుకీ పక్కపక్కనే రెండు పుల్లీలు. ఒకటి మిషను షాఫ్టుకి బిగించింది, ఇంకోటి ఉత్తినే తిరిగేది. బెల్టు ఉత్తి పుల్లీ మీదుంటే మిషను ఆగి ఉంటది. కర్రతో బెల్టుని పక్కకి నెడితే మిషను తిరిగిద్ది. ఎంత మెల్లగా నెట్టాలో ఆ మిల్లు మనిషి చేతికి తెలుసు. ఒక్కసారే నెడితే బెల్టు తెగుద్ది.

అమ్మాయి: నువ్వు చెప్పిందే 1886 నాటి కార్ల్ బెంజ్ మూడు చక్రాల బండిలో ఉంది. అందులో వేరే క్లచ్ లేదు. బెల్టుని ఉత్తి పుల్లీ మీంచి బిగించిన పుల్లీ మీదకి జరపడమే. మిల్లులో పనికొచ్చిన పద్ధతిని ఆయన రోడ్డు మీదకి తెచ్చాడు. అసలు అది ఎందుకు కావలసి వచ్చిందో చూడు. ఆవిరి యంత్రానికి క్లచ్ అక్కర్లేదు, ఆగి ఉన్నప్పుడు కూడా ఆవిరి పిస్టన్ని నెట్టగలదు. కరెంటు మోటారూ అంతే. పెట్రోలు ఇంజన్ అలా కాదు. ఆగి ఉంటే దానికి బలమే లేదు. ముందు తను తిరగాలి, తర్వాతే దేన్నైనా తిప్పగలదు. తిరుగుతున్నదాన్నీ కదలనిదాన్నీ కలపాలి. ఆ కలిపే కొన్ని క్షణాల్లో ఏదో ఒకటి జారాలి, అరగాలి, వేడెక్కాలి. క్లచ్ చేసేది ఆ పనే.

బాబాయి: ఆ కొన్ని క్షణాలు ఎన్నో తేల్చేది కాలే గదా. నేననేదీ అదే.

అమ్మాయి: బెల్టు వానలో జారేది, బరువుకు సాగేది. 1891లో ఫ్రాన్సులో పానార్ లెవసార్ వాళ్లు ఇంజన్ని ముందు పెట్టి, దాని వెనక క్లచ్, దాని వెనక గేర్లు పెట్టారు. ఇవాళ నీ షెడ్డుకొచ్చే ట్రాక్టర్ల వరస కూడా అదే. ఆ కాలపు బండ్లలో ఎక్కువగా కోను క్లచ్ వాడారు. ఫ్లైవీలు లోపల గిన్నెలా తొలిచిన వాలు, అందులో కూర్చునే ఇంకో కోను, దాని చుట్టూ తోలు. వాలు తక్కువగా ఉంటే చిన్న స్ప్రింగుకే గట్టిగా పట్టేది. మరీ తక్కువైతే ఇరుక్కుపోయి ఊడి వచ్చేది కాదు.

బాబాయి: తోలు అరిగితే?

అమ్మాయి: ఎండితే బిర్రబిగిసి బండి ఎగిరిపడేది. అప్పుడు ఆముదం రాసి మెత్తబరచాలి. నూనె ఎక్కువైతే జారేది. అప్పుడు నూనె పీల్చే మట్టిపొడి చల్లాలి. పెద్ద కోను బరువుగా ఉండేది కాబట్టి పెడల్ తొక్కినా అది తిరుగుతూనే ఉండేది. గేరు మార్చబోతే పళ్లు గరగరమనేవి.

బాబాయి: చూశావా! ఆముదం ఎప్పుడు రాయాలో, మట్టి ఎప్పుడు చల్లాలో తెలిసినోడు ఆ బండితోనే ఊళ్లు తిరిగాడు. తెలియనోడు తోలు కాల్చుకున్నాడు. మా లారీల్లోనూ అంతే. పాత గేరుపెట్టెల్లో డబుల్ క్లచ్ కొట్టాలి. ఒకసారి తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, వదిలి, ఇంజన్ వేగం సరిచూసుకుని, మళ్లీ తొక్కి గేరు వెయ్యాలి. మా మేస్త్రి నడుపుతా ఉంటే పక్కన కూర్చున్నోడికి గేరు మారినట్టే తెలిసేది కాదు. ఆ చెవి, ఆ కాలు ఇప్పుడు ఎవరికుంది?

అమ్మాయి: ఆ చెవి ఎంత గొప్పదో నేను కాదనను. కాని ఆ చెవి ఉన్నవాడికే బండి అన్నంత కాలం, కారు కొన్నవాడు డ్రైవరు కమ్ మెకానిక్‌ని కూడా జీతానికి పెట్టుకోవలసి వచ్చింది. అది జమీందార్లకు, డాక్టర్లకు, ప్లీడర్లకే కుదిరింది. 1928లో క్యాడిలాక్ వాళ్లు సింక్రోమెష్ గేర్లు తెచ్చారు. పళ్లు కలవకముందే చిన్న కోను రాపిడితో రెండు వేగాలూ సమానం చేయడమే అందులోని కిటుకు. మీ మేస్త్రి చెవి చేసిన పనిని ఒక ఇత్తడి రింగు చేసింది. అది మీ మేస్త్రికి అవమానం కాదు బాబాయ్. ఆయన పద్ధతిని లోహంలో పోత పోశారు.

(ఇక్కడ నేనొక మాట చెప్పాలి. డబుల్ క్లచ్ గురించి పాత డ్రైవర్లు చెప్పే గర్వం ఉత్త గొప్పలు కాదు. చేత్తో యంత్రాన్ని అర్థం చేసుకున్న మనుషుల సాక్ష్యం అది. అయినా సింక్రోమెష్ విషయంలో నేను అమ్మాయి పక్షమే.)

బాబాయి: తోలు పోయి ప్లేటు ఎట్లా వచ్చింది?

అమ్మాయి: అది మన నేలకు దగ్గరి కథ. ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897 ప్రాంతంలో బండ్ల బ్రేకులకు కొత్త పట్టీ చేయడం మొదలుపెట్టాడు. దట్టంగా నేసిన నూలు గుడ్డని తారులాంటి పదార్థంలో నానబెట్టి గట్టిపరిచాడు. తర్వాత ఫెరోడో అన్న పేరుతో ప్రపంచమంతా తెలిసిన లైనింగులు అక్కడే మొదలు. పత్తే! అమెరికాలో హెన్రీ ఫోర్డు టి మోడల్ కారులో కూడా అంతే. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర కార్లు అమ్మాడే, అందులో తక్కువ వేగానికి ఒకటి, రివర్సుకి ఒకటి, బ్రేకుకి ఒకటి ఉక్కు బ్యాండ్లుండేవి. వాటి లోపల అతికించింది నూలు నేత పట్టీ. అది నూనెలో తడుస్తూ డ్రమ్ముని పట్టుకునేది.

బాబాయి: నూలు పట్టీ మీద కారు పరిగెత్తిందా? ఇన్నేళ్లు ప్లేట్లు మార్చా, ఈ ముక్క ఎవరూ చెప్పలా.

అమ్మాయి: నూలుకి ఒక హద్దుంది. వేడి మీరితే మాడుతుంది. అందుకే 1908 నాటికి ఫ్రూడ్ రాతినార వైపు తిరిగాడు. ఆస్బెస్టాస్. నిప్పులో వేసినా కాలదు, నేతకి వస్తుంది, పట్టు బాగుంటుంది. మన పులివెందుల వైపు తవ్వి తీశారే, అదే. రాతినార వచ్చాకే సన్నటి ఒంటి ప్లేటు క్లచ్ నిలబడగలిగింది. ప్లేటు తేలిక కాబట్టి పెడల్ తొక్కగానే ఆగుతుంది, గేరు సాఫీగా పడుతుంది. రెండు వైపులా లైనింగు, మధ్యలో బొడ్డు దగ్గర చిన్న స్ప్రింగులు. ఇంజన్ కొట్టే దెబ్బలు గేర్లకి తగలకుండా ఆ స్ప్రింగులు మింగుతాయి. క్లచ్‌ల కథలో ఇదే పెద్ద మలుపు అంటాను నేను.

బాబాయి: రాతినార మంచిదంటున్నావు. క్లచ్ హౌసింగు విప్పగానే లోపల బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉండేది. మేం చేసే మొదటి పని కంప్రెసర్ గాలి కొట్టడం. షెడ్డంతా తెల్లగా లేచేది. ముక్కుకి గుడ్డ కూడా కట్టుకునేవాళ్లం కాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నాటుకుని ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత మనిషిని తీసుకుపోద్దని మాకెవరూ చెప్పలా. నీ పెద్ద మలుపు ఖరీదు ఎవరు కట్టారు? తొక్కినోడు కట్టలా, కంపెనీ కట్టలా. విప్పినోడు కట్టాడు.

అమ్మాయి: అవును.

బాబాయి: అవునంటే చాలదమ్మా.

అమ్మాయి: చాలదు. చాలదని నాకూ తెలుసు. ఇప్పుడు రాతినార లేని లైనింగులు ఉన్నాయి. కాని పాత సరుకు, పేరులేని సరుకు ఇంకా బజార్లో తిరుగుతుంది. దేంట్లో ఏముందో ప్లేటు చూసి చెప్పలేం. అందుకే అన్నిటినీ అనుమానించాల్సిందే. గాలి కొట్టకూడదు, తడి గుడ్డతో తుడవాలి. ఇంజన్ వైపూ ఇదే జరిగింది. సీసం కథ విన్నావా?

బాబాయి: పెట్రోల్లో కలిపే సీసమా?

అమ్మాయి: అదే. ఫోర్డు టి ఇంజన్ 2.9 లీటర్లది, ఇచ్చింది 20 హార్స్ పవర్. ఇవాళ ఒక లీటరు చిన్న కారు ఇంజన్ అరవైకి పైగా ఇస్తుంది. ఆ తేడాలో కొంత భాగం కంప్రెషన్‌ది. ఫోర్డు ఇంజన్‌లో అది నాలుగున్నర వంతులు, ఇప్పుడు పదీ పదకొండు. అప్పట్లో అంతకుమించి నొక్కితే ఇంజన్ సుత్తితో కొట్టినట్టు చప్పుడు చేసేది, పిస్టన్లు పగిలేవి. ఇంగ్లండులో హ్యారీ రికార్డో ఓపిగ్గా పరిశీలించి తేల్చాడు. స్పార్కుతో మొదలైన మంట చివరిదాకా చేరేలోపే, మూలన మిగిలిన గాలీ పెట్రోలూ తమంతట తామే భగ్గుమంటున్నాయి. అదీ ఆ చప్పుడు. ఆయన విరుగుడు సిలిండరు హెడ్డు ఆకారంలో ఉంది. లోపల గాలిని సుడి తిప్పి, మంట తొందరగా అంతటా పాకేట్టు 1919లో హెడ్డుని మార్చాడు. అమెరికాలో కెటరింగ్ అనే ఇంజనీరు దగ్గర పనిచేసిన మిజ్లీ వేరే దారి పట్టాడు. 1921లో పెట్రోల్లో సీసం కలిపితే చప్పుడు పోతుందని కనిపెట్టాడు. సులువైన దారి. 1924లో న్యూజెర్సీలో ఆ సరుకు తయారుచేసే చోట కార్మికులు విషమెక్కి చనిపోయారు. అయినా ప్రపంచం దాన్ని వాడుతూనే పోయింది. మన దేశంలో సీసం పెట్రోలు ఆగింది 2000లో.

బాబాయి: హెడ్డు మార్చినోడిని వదిలి, మందు కలిపినోడి వెనక పోయారన్న మాట.

అమ్మాయి: రెండూ సాగాయి. కాని తేలికైనదానికి తొందరగా డబ్బొచ్చింది. ఇక్కడ నీ మాట ఒప్పుకుంటాను. ఒకరి బాధ తీర్చిన మార్పు ఇంకొకరి నెత్తిన పడుతుందా అని అడగకుండా దాన్ని బాగు అనకూడదు. అలాగని మారకుండా ఉండటం మేలు అనలేం. నువ్వు హ్యాండిల్ కొట్టిన రోజులు మర్చిపోయావా?

బాబాయి: ఎట్టా మర్చిపోతా. క్లీనరు పనంటేనే తెల్లారుజామున హ్యాండిల్. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, హ్యాండిల్ చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. కిందనుంచి పైకి లాగాలి, పైనుంచి కిందికి నొక్కకూడదు. స్పార్కు ముందుకుంటే ఇంజన్ వెనక్కి తన్నిద్ది. మణికట్టు విరిగినోళ్లని చూశా. నేను తప్పించుకున్నానంటే నేర్పినోడు గట్టోడు కాబట్టి.

అమ్మాయి: చూడు, నీ వాదన ప్రకారం మణికట్టు విరిగినవాడిదే తప్పు. బొటనవేలు అడ్డంగా పెట్టాడు. కెటరింగ్ అలా అనుకోలేదు. అంతకుముందు ఆయన షాపుల్లో డబ్బులు లెక్కపెట్టే మిషనుకి చిన్న కరెంటు మోటారు పెట్టాడు. మోటారు రోజంతా తిరగాలంటే పెద్దది కావాలి, కొద్ది సెకన్లు తిరిగితే చాలనుకుంటే చిన్నదే శక్తికి మించి పనిచేస్తుంది. ఆ తెలివే కారుకి పట్టుకొచ్చాడు. 1912 క్యాడిలాక్‌లో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. హ్యాండిల్ ఎలా పట్టాలో నేర్పే బడి పెట్టొచ్చు. ఆయన హ్యాండిలే తీసేశాడు. అప్పటిదాకా బండి దగ్గరికి రానివ్వని ఆడవాళ్లు కూడా స్టీరింగు పట్టగలిగారు. ఈ ఒక్క మార్పుని మాత్రం నేను నా గురించి అనుకుని చెబుతాను బాబాయ్.

బాబాయి: దానికి నేను అడ్డం చెప్పను తల్లీ. కాని ఒకటి. నువ్వు చెప్పేవాళ్లందరూ కంపెనీలోళ్లు, లాబరేటరీలోళ్లు. బండి బాగుపడింది రోడ్డు మీద కాదా? రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి రేషన్ పెడితే మన బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచినయ్. వెనక ఒక పొయ్యి డ్రమ్ము, అందులో బొగ్గు. చక్రం తిప్పి గాలి ఊదితే గ్యాసు తయారయ్యేది. ఆ గ్యాసుని చల్లార్చి, దుమ్ము వడకట్టి ఇంజన్‌కి పంపాలి. ఎత్తు ఎక్కలేక బస్సు ఆగితే జనం దిగి నెట్టేవాళ్లంట. మా మేస్త్రి ఆ పనిలోనే నేర్చుకున్నాడు. వడపోత సరిగా లేకపోతే మసి దిగి సిలిండర్లు గీసుకుపోతయ్. ఎక్కడ ఏ గుడ్డ పెట్టాలో, ఎన్ని మైళ్లకి విప్పి కడగాలో షెడ్డులో మనుషులే కనుక్కున్నారు. వాళ్ల పేర్లు నీ పుస్తకంలో ఉన్నయ్యా?

అమ్మాయి: లేవు. ఉండాల్సింది. అయితే షెడ్డు నుంచి వచ్చి పేరు నిలిపినవాళ్లు లేకపోలేదు. కోయంబత్తూరు జి.డి. నాయుడు. తమిళనాట స్థిరపడిన తెలుగు ఇంటి మనిషి. 1893లో పుట్టాడు, పెద్ద చదువు లేదు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి, యూనివర్సల్ మోటార్ సర్వీసుని పెద్ద బస్సుల సంస్థ చేశాడు. బస్సు ఆగిపోతే టిక్కెట్ కొన్నవాడి రోజు పోతుందని తెలిసిన మనిషి. విప్పడం, చూడటం, మార్చడం తనే చేశాడు. 1937లో బాలసుందరం నాయుడితో కలిసి దేశంలో తయారైన తొలి కరెంటు మోటారుని తెచ్చాడు. 1952లో ఇద్దరు కూర్చునే చవక పెట్రోలు కారు చేశాడు. లైసెన్సు రాక అది సాగలేదు.

బాబాయి: ఆ మాటే నేననేది. తనే నడిపాడు కాబట్టి ఎక్కడ నొప్పో తెలిసింది.

అమ్మాయి: అంతటితో ఆగలేదుగా. మోటారు పనులు నేర్పే విద్యాలయాలు పెట్టాడు. చేతిలో ఉన్నది కాగితం మీదకి రాకపోతే ఆ చేతితోనే పోతుందని ఆయనకి తెలుసు. మీ మేస్త్రి వడపోత రహస్యం ఇప్పుడెక్కడుంది?

బాబాయి: ఆయనతోనే పోయింది.

(వాదన ఇక్కడ కాసేపు ఆగింది. డీజిలు గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరికీ తేడా లేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1897లో రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్ ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చి చూపింది. అంత పొదుపు ఆనాటి ఏ ఇంజన్‌కీ లేదు. కాని ఇంధనాన్ని లోపలికి ఊదడానికి పెద్ద కంప్రెసరు కావాలి, కాబట్టి అది ఎక్కువగా నేలకు పాతిన యంత్రంగానే ఉండిపోయింది. 1927లో బాష్ సంస్థ చిన్న ఇంజెక్షన్ పంపుని పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టాకే డీజిలు లారీలకు, ట్రాక్టర్లకు విరివిగా ఎక్కింది. సాగర్ కుడికాలువకు 1967లో నీళ్లొచ్చాక మన మెట్ట ఊళ్లలోకి దిగిన మహీంద్రాలు, మాసీ ఫెర్గూసన్లు ఆ పంపు పుణ్యమే. తర్వాత మళ్లీ ప్లేటు దగ్గరికే వచ్చారు.)

బాబాయి: సరే, ఇప్పుడు చెప్పు. బురదలో దిగబడ్డ ట్రాలీ. నేను చెప్పేది ఒకటే: యాక్సిలరేటరు తొక్కుడు తగ్గించు, చిన్న గేరు వెయ్యి, క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీసెయ్యి. నీ లెక్క ఏమంటది?

అమ్మాయి: నీ మాటే అంటుంది. క్లచ్‌లో పుట్టే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది. ఎంత బలంగా తిప్పుతున్నావు, రెండు వైపుల వేగానికీ ఎంత తేడా ఉంది, ఎంతసేపు జారనిచ్చావు. ఇంజన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోంది, చక్రాలు కదలట్లేదు, ప్లేటు 100 న్యూటన్ మీటర్ల బలం మోస్తోంది అనుకుందాం. ప్లేటు మీద దాదాపు 16 కిలోవాట్ల వేడి పుడుతుంది. పదహారు ఇస్త్రీపెట్టెలు ఒకేసారి ఆ జానెడు ప్లేటుకి ఆనించినట్టు. ఇప్పుడు అందులో సగం వేగం ఉన్న గేరు వెయ్యి. అదే లాగుడుకి ప్లేటు మీద పడే బలం సగమవుతుంది. ఇంజన్‌ని 1,000 చుట్లకి తగ్గించు. వేడి 5 కిలోవాట్లకి దిగుతుంది. మూడో వంతు. పైగా చక్రం తొందరగా కదులుతుంది కాబట్టి జారే సేపూ తగ్గుతుంది.

బాబాయి: మరి నేను మొదట్నుంచీ అంటున్నది అదేగదా! మూడో గేరులో లేపినోడిదే తప్పు.

అమ్మాయి: కాదు బాబాయ్. నీకు తెలిసింది అతనికి ఎవరు చెప్పారు? ట్రాక్టరు మీటర్లలో ఇంజన్ వేడి చూపించే ముల్లు ఉంది, ఆయిల్ లైటు ఉంది. ప్లేటు వేడెక్కుతోందని చెప్పేది ఒక్కటైనా ఉందా? కాలిన వాసనే దాని మీటరు. అప్పటికే ఆలస్యం. పైగా డబుల్ క్లచ్ ట్రాక్టరు ఉంది. మీ మేస్త్రి కొట్టిన డబుల్ క్లచ్ కాదు, ఒకే పెడల్ కింద రెండు క్లచ్‌లు. సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, వెనక రోటవేటరో స్ప్రేయరో తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా తొక్కితే రెండూ ఆగుతాయి. మిరపకు మందు కొట్టేవాడికి అది వరం. చాలు చివర ఆగినా పంపు ఆగదు. కాని ఆ సగం ఎక్కడుందో కాలికి తెలిసేది అలవాటుతోనే. రోజంతా సగం మీదే నిలబెట్టాల్సిన పెడల్ ఇచ్చి, సగం మీద నిలబెట్టావని తిట్టడం ఏం న్యాయం?

బాబాయి: ఆ డబుల్ క్లచ్ సెట్టింగు కూడా నరకమే. క్లచ్ లోపలి మూడు లివరు వేళ్లూ ఒకే ఎత్తులో లేకపోతే ఒకవైపే అరిగిద్ది. కంపెనీ గేజు లేకుండా కంటితో పెట్టేవాళ్లు చాలామంది.

అమ్మాయి: నూనెలో మునిగి ఉండే ప్లేట్లు పెడితే వేడిని నూనె లాక్కుపోతుంది. కొన్ని కొత్త ట్రాక్టర్లలో అది వచ్చింది. నిజానికి కొత్తదేం కాదు. ఫోర్డు టి కారు క్లచ్ కూడా నూనెలోనే, పలచని ఉక్కు ప్లేట్ల వరస.

బాబాయి: చలికి ఆ నూనె గట్టిపడితే?

అమ్మాయి: ప్లేట్లు అంటుకుపోయేవి. న్యూట్రల్‌లో ఉందనుకుని హ్యాండిల్ కొడితే, స్టార్టయిన కారు ముందు నిలబడ్డవాడి మీదకే వచ్చేది. అందుకని చలి ఊళ్లలో వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి కొట్టేవాళ్లు.

బాబాయి: ఏది పెట్టినా ఎవరో ఒకరు దాని ముందు నిలబడాలి. అందుకే చెబుతున్నా. నూనె క్లచ్ పెట్టండి, మంచిదే. కాని విప్పాలంటే కంపెనీ షోరూముకే పోవాలన్న తీరులో పెట్టమాకండి. ఫోర్డు టి బండిని రైతు తన కొట్టంలో విప్పుకున్నాడని నువ్వే ఒకసారి చెప్పావు. నూలు పట్టీ అరిగితే తనే మార్చుకున్నాడు. జనవరిలో క్లచ్ పోతే, షోరూము మనిషి వచ్చేదాకా మిరపకాయలు కళ్లంలో రంగు మారుతయ్. నాకు కావాల్సిన బాగు అది. కాలనిది కావాలి, కాలితే ఆ ఊళ్లోనే బాగయ్యేది కావాలి.

అమ్మాయి: అలా చేయించాలంటే ఎక్కడ, ఎలా కాలుతోందో కంపెనీ ముందు పెట్టాలి. ఇదిగో, ఇన్ని ప్లేట్లు ఈ నేలలో ఈ గేరులో పోయాయి అని. అవి నీ షెడ్డులో మూల పడి ఉన్నాయి. మా పిల్లలకి ఇవ్వు. ఈ సీజను ప్రాజెక్టుగా చేయిస్తాను. లైనింగు ఎంత మిగిలింది, ప్రెషర్ ప్లేటు నీలంగా మారిందా, ఒకవైపే అరిగిందా, అన్నీ కొలుస్తారు.

బాబాయి: ఇస్తా. రెండు షరతులు. కొలిచేముందు ఒక్కొక్కడూ టిక్కీలేసిన ట్రాలీని పర్చూరు వైపు రేగడిలోంచి డొంక దాటించి రావాలి. రెండోది, నా షెడ్డులో ఎవడూ ప్లేటుకి గాలి కొట్టడు. తడిగుడ్డే.

అమ్మాయి: రెండో షరతు నాదీ. మొదటిదానికి ప్రిన్సిపాల్ గారిని అడగాలి, అడుగుతాను. నువ్వూ ఒకటి చెయ్యాలి. ఏ గేరులో కాలిందో ప్లేటు చెప్పదు. నడిపినవాడే చెప్పాలి, అది నువ్వు రాసి పెట్టాలి. షెడ్డులోకి అడుగుపెట్టగానే తప్పు నీదే అన్నావంటే వాడు నిజం చెప్పడు, కంపెనీ ప్లేటే నాసిరకం అంటాడు. నీ నోట్సు పనికిరాకుండా పోతుంది.

బాబాయి: ...సరే. ఆ మాట అనను. బండి యాడ దిగబడింది, ఎన్ని టిక్కీలు, ఎంతసేపు లాగావు. ఇయ్యే అడుగుతా.

అమ్మాయి: వాన పడి ఎన్ని రోజులైందో కూడా.

బాబాయి: రాసుకో. ఇంకోటి కూడా రాసుకో. ఇంజన్ వెనక సీలు కారి నూనెకి తడిసిన ప్లేట్లు ఉంటయ్. అవి కాలి వల్ల పోయినయ్ కాదు, నేల వల్లా కాదు. వాటిని వేరే కుప్ప వెయ్యండి. అన్నీ కలిపేస్తే మీ లెక్క తప్పిద్ది.